మౌనం అర్ధాంగీకారమేనా? ప్రభుత్వ అధికారం, ప్రజల సమ్మతి: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై పెరంబూరులో ఒక మేడమీద ఆదివారం సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకునే అలవాటు మాకు చాలా ఏళ్లుగా ఉంది. రైల్వేలో పనిచేసి విరమణ పొందిన పెద్దలు, నెల్లూరు నుంచి చదువుకు వచ్చిన పిల్లలు, మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలవారు వస్తుంటారు. ఇంటిపన్నుతో మొదలుపెట్టినా, మెట్రో పనులతో మొదలుపెట్టినా మాటలు చివరికి ఒకచోటికే చేరతాయి: "అసలు మమ్మల్ని ఎవరు అడిగారు?" ఆ ప్రశ్న చుట్టూ మళ్లీ మళ్లీ వచ్చినవాటిని, నాకు తోచిన జవాబులతో ఇక్కడ రాస్తున్నాను.

ప్రభుత్వ అధికారం నిజంగా ప్రజల సమ్మతి మీదే నిలబడి ఉందా?

సగం వరకు ఉంది. ఆ సగాన్ని కూడా ప్రభుత్వం ఎప్పటికప్పుడు సంపాదించుకుంటూ ఉండాలి. తాటాకు ఇంటి కప్పును తలచుకోండి. రెండు మూడేళ్లకొకసారి పాత ఆకు తీసి కొత్త ఆకు వేయకపోతే వానకు కురుస్తుంది. తాతగారు ఒకప్పుడు బాగా కప్పించారు కదా అంటే వాన వినదు. సమ్మతి కూడా అంతే. 1950లో ఇచ్చారనో, గత ఎన్నికల్లో ఇచ్చారనో చెప్పుకుంటూ కూర్చుంటే సరిపోదు. ఈ జవాబు ఎందుకు ఇస్తున్నానో కింది ప్రశ్నల్లో చూడవచ్చు.

నేను ఎక్కడా సంతకం పెట్టలేదు. నా సమ్మతి ఎప్పుడు ఇచ్చినట్లు?

కాలేజీ పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఇందులో అమాయకత్వం ఏమీ లేదు. దీనికి మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1689లో ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ చెప్పిన జవాబు ఏమిటంటే, ఒక రాజ్యంలో ఆస్తి అనుభవిస్తున్నా, ఆ రాజ్యపు దారి మీద నడుస్తున్నా నోరు విప్పకుండానే సమ్మతి ఇచ్చినట్లే. 1748లో స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దీన్ని ఒక్క ఉదాహరణతో పడగొట్టాడు. నిద్రలో ఉన్న మనిషిని ఎత్తుకొచ్చి ఓడలో పడేశారు. మెలకువ వచ్చేసరికి చుట్టూ సముద్రం. దూకితే చావు. దూకకుండా ఉన్నాడు కాబట్టి ఓడ నాయకుడి అధికారాన్ని ఇష్టపడి ఒప్పుకున్నాడని అనగలమా?

మన దారిలో చెప్పుకోవాలంటే పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో తల్లి ఒడిలో నిద్రపోతూ చెన్నై సెంట్రల్‌లో దిగిన పసిపిల్ల. ఈ ఊళ్లోనే పెరుగుతుంది, ఇక్కడి బస్సు ఎక్కుతుంది, ఇక్కడి కుళాయి నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లు తాగడాన్నే సమ్మతిగా లెక్కపెడితే దాహం వేసిన ప్రతివారూ ఒప్పుకున్నట్లే అవుతుంది. కాదనే వీలు ఉన్నచోటే ఔననే మాటకు విలువ. ఈ విషయంలో నేను పూర్తిగా హ్యూమ్ పక్షం.

ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు కదా?

వెళ్లడానికి పాస్‌పోర్టు ఇవ్వవలసింది ఆ ప్రభుత్వమే. వెళ్లినచోట ఇంకో ప్రభుత్వం ఉంటుంది, అది కూడా మనల్ని అడిగి ఏర్పడినది కాదు. పౌరసత్వం వదులుకునే వీలును 1955 నాటి పౌరసత్వ చట్టం కల్పించింది, నిజమే. రోజు కూలి మీద బతికే మనిషికి ఆ వీలు వల్ల ఒరిగేదేమీ లేదు.

చెన్నపట్నం పుట్టినప్పుడు ఎవరినైనా అడిగారా?

లేదు. ఇందులో మన తెలుగువారి పాత్ర కూడా ఉంది కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసుపట్నం తీరంలో కోట కట్టుకునే అనుమతి ఇచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం వచ్చింది. ఈ ఊరి పేరులో మన పేరు ఉందని మన పెద్దలు గర్వంగా చెబుతారు. నాకూ ఆ గర్వం ఉంది. అయితే ఆ ఇసుక మీద అప్పటికే వలలు ఆరవేసుకుంటున్న జాలరులు ఉన్నారు. ఇచ్చినవాడు నాయకుడు, పుచ్చుకున్నది కంపెనీ. ఇంటి ముందు కోట లేవబోతున్నవారి మాట ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు. ఆ తర్వాత మూడు వందల ఏళ్ల పాలన ఆ కాగితం మీద మొదలైంది.

చాలా ప్రభుత్వాల మూలం తవ్వి చూస్తే ఇలాంటి దానమో, యుద్ధమో, వారసత్వమో కనిపిస్తుంది. ప్రజలందరూ ఒకచోట చేరి ఒప్పందం రాసుకున్న ఊరు మాత్రం ఎక్కడా దొరకదు.

ఉత్తిరమేరూరు శాసనం మాటేమిటి? మనకు వెయ్యేళ్ల క్రితమే ఎన్నికలు ఉన్నాయంటారు కదా?

ఉన్నాయి. చెన్నైకి దగ్గరే కాబట్టి వెళ్లి చూడండి, గోడ మీద అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. పదో శతాబ్దం తొలినాళ్లలో, పరాంతక చోళుడి కాలంలో చెక్కిన శాసనాలు. ఊరిని 30 భాగాలు చేసి, అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, కుండలో వేసి, ఏమీ తెలియని చిన్నపిల్లవాడి చేత తీయించేవారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న నియమం వేరే ఉంది. అంతకుముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివారికి మళ్లీ అవకాశం లేదు. వారి దగ్గరి బంధువులకూ లేదు. ఇప్పటి ఎన్నికల చట్టాల్లో ఇంత పదునైన నిబంధన చూపించమనండి.

అయితే ఆ తాటాకు మీద ఎవరి పేరు ఎక్కేది? పన్ను కట్టే సొంత భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి, వేదశాస్త్రాల చదువు ఉండాలి. అది బ్రాహ్మణుల సభ. ఆ భూమి దున్నినవారికీ, ఆడవారికీ కుండలో చోటు లేదు. పద్ధతికి దండం పెడతాను. దాన్ని ప్రజలందరి సమ్మతి అని మాత్రం అనలేను.

రాజ్యాంగం "భారత ప్రజలమైన మేము" అని మొదలవుతుంది. ఆ "మేము"లో మనం ఉన్నామా?

రాజ్యాంగ సభను ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు. 1946లో రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ శాసనసభలకు ఓటు వేసినవారు ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉన్న కొద్దిమంది. సంస్థానాల నుంచి వచ్చిన సభ్యుల్లో కొందరు నియమితులే. కాబట్టి కచ్చితంగా లెక్క చూస్తే "మేము" అని రాసే నాటికి ఆ మాట అనవలసినవారిలో ఎక్కువమందిని అడగలేదు.

ఇక్కడితో ఆపేస్తే అన్యాయం అవుతుంది. ఆ సభ చేసిన పని చూడాలి. కొద్దిమంది ఓట్లతో వచ్చిన సభ ప్రతి వయోజనుడికీ, వయోజనురాలికీ ఓటు ఇచ్చింది. చదువు అడగలేదు, భూమి అడగలేదు. మద్రాసు నుంచి ఆ సభకు వెళ్లిన దుర్గాబాయి అంతకు ముందే ఈ ఊళ్లో ఆంధ్ర మహిళా సభను స్థాపించినవారు. నెల్లూరు జిల్లాలో పుట్టి మైలాపూరులో స్థిరపడిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వయోజన ఓటు హక్కును సామాన్యుడి మీద ఉన్న గట్టి నమ్మకంతో సభ ఆమోదించిందని చెప్పారు. ముందు సమ్మతి తీసుకుని రాజ్యాంగం రాయలేదు. సమ్మతి అడగడానికి ఒక దారి వేసి, ఆ తర్వాత ప్రజల ముందుకు వెళ్లారు. 1951-52 ఎన్నికల్లో సుమారు 17 కోట్ల 30 లక్షల మంది ఓటర్లు. నా దృష్టిలో "మేము" అనే మాటకు ప్రాణం వచ్చింది అప్పుడే.

ఆ జాబితాలోనూ ఒక గాయం ఉంది. ఉత్తరాదిలో ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యను, ఫలానావారి కూతురిని అని రాయించుకున్నారు. అలాంటి సుమారు 28 లక్షల పేర్లను అధికారులు జాబితా నుంచి తీసేశారు. పేరు లేనివారి సమ్మతి లెక్కలోకి రాదు. ఈ విషయం చదివిన రోజు నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఓటు వేస్తే సమ్మతించినట్లా? వేయకపోతే కాదన్నట్లా?

రెండూ కాదు. ఓటు వేసేవారు ఇద్దరు ముగ్గురిలో ఒకరిని ఎంచుకుంటున్నారు. ఆ బరిలోకి ఎవరు దిగాలో, బరి గీతలు ఎక్కడ ఉండాలో వారిని అడగలేదు. వేయకపోయినా ప్రభుత్వం ఏర్పడుతుంది, చట్టం వర్తిస్తుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మధ్య చెన్నై, దక్షిణ చెన్నైలలో పోలింగ్ 54 శాతం దగ్గరే ఆగింది. మిగిలినవారు కాదన్నారని ఎవరూ అనుకోలేదు. బద్ధకస్తులన్నారు, అంతే.

2013లో సుప్రీంకోర్టు తీర్పు వల్ల నోటా, అంటే "వీరిలో ఎవరూ కాదు" అనే మీట వచ్చింది. 2024లో ఇండోర్‌లో 2 లక్షలకు పైగా ఓట్లు దానికే పడ్డాయి. అయినా ఒక అభ్యర్థి గెలిచాడు. అదే ఏడాది సూరత్‌లో ఒక అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగతావారు ఉపసంహరించుకుని, ఒక్కరే మిగలడంతో పోలింగే జరగలేదు. అక్కడి ఓటర్లకు కాదనే మీట కూడా దక్కలేదు. ఇంకో వింత వినండి. జైల్లో ఉన్న విచారణ ఖైదీ మన చట్టం ప్రకారం ఎన్నికల్లో పోటీ చేయవచ్చు, ఓటు మాత్రం వేయలేడు. నేరం రుజువు కాని మనిషిని ఏ న్యాయంతో సమ్మతి లెక్క నుంచి తీసేశారో నాకు ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు.

నేను ఓటు వేసినవారు ఓడిపోయారు. నా సమ్మతి ఏమైనట్లు?

1984లో ఒక పార్టీ 400కు పైగా సీట్లు గెలిచినప్పుడు కూడా దానికి పడిన ఓట్లు సగం దాటలేదు. అంటే దాదాపు ప్రతి ప్రభుత్వమూ తనను కోరుకోనివారిని కూడా పాలిస్తోంది. దీన్ని తప్పనను. కబడ్డీలో ఓడిన జట్టు ఆట నియమాలను ఒప్పుకునే ఇంటికి వెళుతుంది. ఓడినవారు మళ్లీ బరిలోకి దిగే వీలు, గెలిచినవారిని తిట్టే వీలు, తిట్టినందుకు అన్నం పోగొట్టుకోకుండా ఉండే వీలు, ఈ మూడూ ఉంటేనే ఆ పోలిక నిలుస్తుంది.

మౌనం అర్ధాంగీకారం అంటారు. జనం ఊరుకుంటున్నారంటే ఒప్పుకున్నట్లే కదా?

ఆ సామెతను జాగ్రత్తగా వినండి. అందులో "అర్ధ" అని ఉంది. పెళ్లిచూపుల్లో అమ్మాయి తల వంచుకుంటే పెద్దలు ఆ సగాన్ని పూర్తి చేసి ముహూర్తం పెట్టేసిన ఇళ్లు మనకు తెలియనివి కావు. ప్రభుత్వాలు కూడా అదే చేస్తాయి. మిగతా సగం అడిగి తెలుసుకోవలసినది.

ఒక చిన్న సంగతి చెబుతాను. మా వీధిలో వాననీటి కాలువ కోసం ఇళ్ల ముందు తవ్వారు. మూడు నెలలు గడిచినా పూడ్చలేదు. గుమ్మానికీ వీధికీ మధ్య ఒక్కో చెక్కపలక వేసుకుని నడిచాం. వీధివారి సమావేశానికి ఒక అధికారి వచ్చారు. మంచివారే, ఓపికగా నోటుపుస్తకంలో అన్నీ రాసుకున్నారు. అరవై దాటిన ఒక పిన్నిగారు, ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే మనిషి, లేచి నిలబడి మా గుమ్మం ముందు ఎందుకు తవ్వారని అడిగారు. పని మంజూరైందని అధికారి అన్నారు. "మంజూరైందా అని నేను అడగలేదు తంబీ. తవ్వేముందు మమ్మల్ని అడిగారా అని అడుగుతున్నాను. అడిగితే వద్దనేవాళ్లం కాదు. మా గుమ్మం దగ్గర ఎటు తవ్వితే మంచిదో చెప్పేవాళ్లం" అన్నారు. ఆ హాల్లో కాసేపు ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అధికారి కలం ఆగిపోయింది. ఆ ప్రశ్నను ఏ శీర్షిక కింద రాసుకోవాలో ఆయనకు తెలియలేదని నాకు అనిపించింది.

కాలువ వద్దని ఆమె అనలేదు. అడగమన్నారు. సమ్మతి గురించి నేను చదివిన పెద్ద పుస్తకాల కన్నా ఆ రోజు ఎక్కువ నేర్చుకున్నాను.

ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చా?

తీసుకున్నవారు ఉన్నారు, మనవాళ్లే. మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఒక్కసారిగా పెరిగాయి. ఎక్కువగా చేనేత కుటుంబాలు, భరించలేమన్నాయి. మునిసిపాలిటీ పరిధిలో ఉంటేనే కదా పన్ను అని, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలాదిమంది ఇళ్లు ఖాళీ చేసి, పొలిమేర దాటి, రామనగరం పేరుతో పాకలు వేసుకున్నారు. ఎండకూ వానకూ ఓర్చి సుమారు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. దుగ్గిరాల జైలుకు వెళ్లారు. చివరికి జనం అలసి తిరిగి రావలసి వచ్చింది, మునిసిపాలిటీ ఉండిపోయింది. ఇందాక "వెళ్లిపోవచ్చు కదా" అన్నవారికి చీరాల మగ్గాలు ఇచ్చిన జవాబు ఇది. నిజంగా వెళ్లి చూపించారు. దానికి ఎంత ఖరీదు చెల్లించాలో కూడా చూపించారు.

ఓటుతో వెనక్కి తీసుకున్న సందర్భం 1977. అత్యవసర పరిస్థితి విధించిన ప్రభుత్వాన్ని దేశం ఓడించిందని చెప్పుకుంటాం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 అదే పార్టీకి వెళ్లాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే వేరే పక్షం నుంచి గెలిచారు. ఒకే పాలనకు ఒక ప్రాంతం సమ్మతి వెనక్కి తీసుకుంది, ఇంకో ప్రాంతం గుప్పిటనిండా ఇచ్చింది. "ప్రజల తీర్పు" అని ఏకవచనంలో మాట్లాడేటప్పుడు నాకు ఈ అంకె గుర్తొచ్చి నోరు కాస్త అదుపులోకి వస్తుంది.

1984 ఆగస్టు కూడా చెప్పాలి. ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేశారు. నెల రోజులు వీధులు ఊరుకోలేదు. సెప్టెంబరు 16న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఓటు ఇచ్చి ఇంటికి వెళ్లినవారు, తమ ఓటును ఎవరో మార్చేశారని తెలిసి మళ్లీ బయటికి వచ్చారు. సమ్మతికి కాపలా కూడా అవసరమని అప్పుడు తెలిసింది.

రాష్ట్రాల సరిహద్దులు గీసేటప్పుడు ఎవరి సమ్మతి కావాలి?

రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం నిర్ణయం పార్లమెంటుది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, దానికి కట్టుబడనక్కరలేదు. 2014 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. ఒకవైపువారు మమ్మల్ని అడగలేదన్నారు. మరోవైపువారు 1956లో మమ్మల్ని అడిగారా అన్నారు. రెండు బాధలూ నిజమైనవే. ఏ గీత లోపలివారిని లెక్కపెట్టాలో ముందే తేలితే తప్ప ఎక్కువమంది ఏమన్నారో చెప్పలేం. ఆ గీతను మాత్రం ఓటు గీయదు.

ఈ నగరంలో ఈ ప్రశ్నకు ఒక శరీరం ఉంది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15న కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. ఆయన ప్రాణం ఇచ్చిన ఊళ్లో ఉంటున్న తెలుగువాళ్లం ఏ గీతకు ఇవతల మిగిలామో అందరికీ తెలుసు. మద్రాసు తమిళనాడుకే న్యాయమని నేను ఒప్పుకుంటాను. ఒక మనిషి చనిపోతే గాని వినిపించని స్థితిలో సమ్మతిని అడగడం ఉండకూడదన్నదే నా వేదన.

ప్రభుత్వం ముందుగా అడిగి, కాదంటే ఆగిన సందర్భం ఉందా?

ఉంది. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ గని విషయంలో గ్రామసభలను అడగాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగిన 12 గ్రామసభలూ వద్దన్నాయి. అక్కడ గని రాలేదు. అదే ఏడాది వచ్చిన భూసేకరణ చట్టం ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులకు 70 శాతం మంది సమ్మతి తప్పనిసరి చేసింది. ప్రభుత్వం తన కోసం తీసుకునే భూమికి ఆ నియమం లేదు. అడగవలసిన అవసరం అందరికన్నా ఎక్కువ ఎవరికి ఉందో వారికే మినహాయింపు.

అయితే సమ్మతి సగమే కాబట్టి చట్టం పాటించనక్కరలేదా, పన్ను కట్టనక్కరలేదా?

అలా అనను. రాత్రి పదకొండు గంటలకు ఖాళీ కూడలిలో ఎర్రదీపం ముందు నేను ఆగుతాను. అటువైపు నుంచి వచ్చేవారు నా కోసం ఆగుతారు కాబట్టి. అది సాటి మనిషికి నేను ఉన్న బాకీ, ప్రభుత్వానికి ఇచ్చిన సమ్మతి కాదు. పన్నుతో కట్టిన ఆసుపత్రిలో మా అమ్మకు వైద్యం జరిగింది. అందులో నా వంతు నేను కట్టాలి. చట్టాన్ని పాటించడానికి ఇలాంటి మంచి కారణాలు చాలా ఉన్నాయి. పాలకులు వాటన్నిటినీ పోగు చేసి "చూశారా, మీరు మాకు అధికారం ఇచ్చారు" అన్నప్పుడే నాకు అభ్యంతరం.

నగరపాలక సంస్థకు ఎన్నికలు జరగకపోతే ఏమవుతుంది?

చెన్నై నగరపాలక సంస్థ 1688 నాటిది, దేశంలోకెల్లా పాతది. 2016 అక్టోబరులో కౌన్సిల్ గడువు ముగిశాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2022 ఫిబ్రవరిలో. ఐదేళ్లకు పైగా 200 వార్డులకు ఎన్నికైన ప్రతినిధి లేడు. చెత్త తీశారు, పన్ను వసూలు చేశారు, దీపాలు వెలిగాయి. అందుకే చాలామందికి తేడా తెలియలేదు. కప్పు ఎక్కడ కురుస్తోందో చెప్పడానికి వెళ్లే గడప లేకపోవడమే ఆ తేడా.

నా ఓటు నెల్లూరు జిల్లాలో ఉంది, నేను పదేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. ఏం చేయాలి?

సాధారణంగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడే ఓటు ఉండాలని చట్టం. రెండుచోట్ల ఉండకూడదు. ఇల్లు మారితే ఫారం 8, మొదటిసారి నమోదుకు ఫారం 6. ఊరి మీద ప్రేమతో ఓటు అక్కడే ఉంచుకునేవారిని నేను అర్థం చేసుకోగలను. కానీ మీ గుమ్మం ముందు తవ్వేది ఇక్కడ. అడగవలసింది ఇక్కడివారిని.

కిందటిసారి మేడమీద కూర్చున్నప్పుడు కాలువ గురించి అడిగిన ఆ పిన్నిగారికే ఫారం 8 నింపాను. జాబితాలో ఆమె పేరు తప్పుగా పడింది. ఇక్కడి అలవాటు ప్రకారం పేరు ముందు ఒక్క పొడి అక్షరం వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. ఇంటిపేరు పూర్తిగా రాయమన్నారు. గళ్లు సరిపోతాయో లేదో అన్నాను. "చిన్న అక్షరాలతో రాయి నాయనా" అన్నారు. రాసి చూపించాను. కళ్లజోడు సవరించుకుని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదువుకుని, అప్పుడు సంతకం చేశారు.